ఐనెయ పరుపు

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఐనెయను గూర్చి చదువుచున్నాము. లుద్దలో అతడు పక్షవాయువుతో 8 ఏండ్లు మంచము పట్టియుండెను. యేసు నామమున పేతురు అతనిని లేపిన సంగతి మనమెరుగుదుము. ఆ వెంటనే చెప్పిన మాటను మాత్రము త్వరగా దాటిపోవుదుము. తన పరుపు తానే సర్దుకొమ్మని పేతురు చెప్పెను. అన్నియేండ్లు ఆ పరుపు పరచినది తల్లియో, భార్యయో మనకు తెలియదు. ఆ దినమున ఆ పని అతని చేతికి తిరిగి వచ్చెను.

మా సంఘములోని ఒక పెద్దాయనకు పక్షవాయువు వచ్చి కుడిప్రక్క పడిపోయెను. మేము ప్రార్థించితిమి, ఇంటింటినుండి గంజియు పాలును పంపితిమి. ఆయన చెంబు అందుకొనబోయిన "వద్దు తాతా, మేమిచ్చెదము" అని ముందే తీసికొంటిమి. పడిపోయిన చేయి పట్టి లాగి ఆయనను కూర్చుండబెట్టితిమి. ప్రేమతోనే చేసితిమి. కొన్ని నెలలకు ఆ చేయి ముడుచుకొనిపోయెను, భుజము నొప్పికి ఆయన రాత్రులు మూల్గుచుండెను. విశ్వాసము చాలలేదని ఒకరిద్దరు గొణిగిరి కూడ. ఆ మాటకు మేము ఇప్పటికిని సిగ్గుపడుచున్నాము.

పట్టణమునుండి ఫిజియోథెరపీ చేయు అమ్మాయి వచ్చి చూచి, మొదట మమ్మునే మందలించెను. బలములేని చేతిని లాగిన భుజపు కీలు జారునట. కీళ్లను ప్రతిదినము మెల్లగా ఆడింపవలెను. కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో పుండ్లు పడును. కుంగిన నులకమంచము మీదనుండి లేచుట కష్టము గనుక ఎత్తైన గట్టి బల్ల వేయించెను. దెబ్బతిన్న మెదడు పదేపదే చేసిన పనినే మరల నేర్చుకొనునని చెప్పెను. మేము తాతను ఆ పనికే దూరము చేసితిమి!

అందరికిని ఐనెయ కాళ్లు దొరకవు. ఎందుకో మనమెరుగము, ఎరిగినట్లు రోగి మంచమునొద్ద మాటలాడకుడి. మన చిత్తూరు సీమకు పొరుగుననున్న వేలూరులో డాక్టరు మేరీ వర్గీసుగారు ఉండిరి. 1954లో కారు ప్రమాదమువలన ఆమెకు నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. ఆస్ట్రేలియాలో తన పనులు తాను చేసికొనుట నేర్చిరి. న్యూయార్కులో ఈ వైద్యమును చదివి తిరిగి వచ్చిరి. 1966లో వేలూరులో పునరావాస సంస్థ తెరవబడుటకు ఆమెయే మూలము. కాళ్లకు బలము రాలేదు గాని, 1986లో మరణించువరకు ఎందరికో తమ పరుపు తాము సర్దుకొను దారి చూపిరి.

మా తాతగారి కుడిచేయి పూర్తిగా రాలేదు. కఱ్ఱ పట్టుకొని గుమ్మమువరకు నడచుచున్నారు. గత నెల ప్రభురాత్రి భోజనమునకు వచ్చి, రొట్టెను ఎడమచేతితో తానే తీసికొనిరి. పాత్ర వణికి కొంచెము ఒలికెను. తుడుచుటకు లేచిన అమ్మగారిని అయ్యగారు కనుసైగతో ఆపిరి. తాతగారు నిదానముగా కండువా తీసి, బల్లను తానే తుడిచిరి. సంఘమంతయు కనిపెట్టుకొనియుండెను.