దాఁటుటయు దాఁటించుటయు

సముద్రయానము చేయఁదగునా తగదా యని మన పూర్వుల కాలమున గొప్ప వాదము జరిగినది. కలియుగమున వర్జింపవలసిన కర్మములలో సముద్రయానమును జేర్చిన నిబంధనకారుల వాక్యములను జూపి కొందఱు వలదనిరి, సీమకుఁ బోయి చదివివచ్చినవారిని బంతినుండి లేపిరి, ప్రాయశ్చిత్తములు విధించిరి. ఆ వాదము ముగిసినది. సంస్కర్తలు గెలిచిరి. ఆనాఁడు వెలివేసిన పండితుల వంశీయులే నేఁడు విమానమెక్కువారికి ముహూర్తములు పెట్టుచున్నారు. అయినను సముద్రమును గూర్చిన ధర్మప్రశ్న యొకటి యింకను మిగిలియున్నదని నా కిటీవలఁ దెలియవచ్చినది. తాను దాఁటుట యొకటి. మఱొకరిని దాఁటించుట యొకటి. మొదటిదానికి వలసిన స్వాతంత్ర్యమును మనము సంపాదించుకొంటిమి. రెండవదానియందు మనకుఁ గల యధికార మెంత?

నా మిత్రుఁ డొకఁడు వైద్యుఁడు, వైద్యకళాశాలలో బోధకుఁడు. అతనికిఁ గరీబియను సముద్రమునందలి గ్రెనడా ద్వీపమున నుద్యోగము లభించెను. అది మిక్కిలి చిన్న దేశము; వైశాల్యము 344 చదరపు కిలోమీటరులు, జనసంఖ్య లక్షకుఁ గొంచెము మించును. 1974 లో స్వతంత్రమైనది. 1976 లో నచ్చట స్థాపింపఁబడిన వైద్యవిశ్వవిద్యాలయమునకుఁ బరదేశముల విద్యార్థులును నుపాధ్యాయులును వచ్చుచుందురు. నా మిత్రునికి భార్యయు, పదునైదేండ్ల కూఁతురును, పదుమూఁడేండ్ల కుమారుఁడును గలరు. పిల్లలిద్దఱును నా పాఠశాలలోఁ జదువుచుండిరి. ఒకనాఁటి సాయంకాలమున నతఁడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, వెళ్లుదునా, మానుదునా?" యని యడిగెను. నేను క్షణమైన నాలోచింపక "తప్పక వెళ్లుఁడు" అంటిని. అచ్చట నింగ్లీషు వ్యవహారభాష. క్రికెట్టు మనవలెనే వారికిని బ్రాణము. బాల్యమునఁ జూచిన లోకమెంత విశాలమో బుద్ధియు నంత విశాలమగును. ఈ విధముగా నొక చిన్న యుపన్యాసమే చేసితిని. అతఁడు సంతోషించి పోయెను.

మూఁడవనాఁడు తరగతి ముగిసిన పిమ్మట నతని కూఁతురు తలుపుకడ నిలిచియుండెను.

"మాస్టారూ, మీరు వెళ్లుఁడని చెప్పితిరఁట."

"ఔనమ్మా. నీకు మంచిదే కదా."

"మంచిదే కావచ్చునండీ. నాకు మంచిదా యని నాన్నగారు మిమ్ము నడిగినారు. మంచిదేయని మీరు చెప్పినారు. నన్నెవ్వరు నడుగలేదు."

ఆ మాటలో నవినయము లేదు, కన్నీరును లేదు. అందుచేతనే నాకుఁ బ్రత్యుత్తరము తోఁచలేదు. స్వాతంత్ర్యమును గూర్చి, వివేకమును గూర్చి యిరువదియేండ్లుగాఁ బిల్లలకుఁ బాఠములు చెప్పుచుంటిని. ఆ పాఠమును వినిన బాలిక దానిని నాకే యొప్పగించెను.

ఆ రాత్రి నాకు ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపుని కథ జ్ఞప్తికి వచ్చినది. యజ్ఞపశువుగా నొక బాలుఁడు కావలసివచ్చినపుడు, అజీగర్తుఁడను బీద బ్రాహ్మణుఁడు నూఱు గోవులకుఁ దన బిడ్డ నమ్ముట కొప్పుకొనెను. పెద్దవాని నీయనని తండ్రి యనెను; చిన్నవాని నీయనని తల్లి యనెను; నడిమివాఁడగు శునశ్శేపుఁడు యూపస్తంభమునకుఁ గట్టఁబడెను. దేవతలను స్తుతించి యాతఁడు విడుదల పొందిన పిదపఁ దండ్రి వచ్చి తిరిగి రమ్మనఁగా, రానని విశ్వామిత్రునిఁ దండ్రిగా వరించెను. నా మిత్రుఁ డజీగర్తుఁడు కాఁడు. బిడ్డలను బ్రాణముగాఁ జూచుకొనువాఁడు. కాని యా కథ చెప్పు నీతి క్రూరులకు మాత్రమే వర్తించునది కాదు. బిడ్డ తండ్రియొక్క ధనము కాదనుట దాని సారము. ప్రేమతోఁ జేసినను, బిడ్డ జీవితమును బిడ్డ నడుగక వినియోగించుట స్వామిత్వమే.

ఈ విషయమున మనవంటి సంస్కరణాభిమానులకుఁ దప్పించుకొనుట కష్టము. 1891 లో సమ్మతి వయశ్శాసనము పుట్టినపుడును, 1929 లో శారదాశాసనము పుట్టినపుడును మన పెద్దలు వాని పక్షముననే నిలిచిరి. కన్యను అత్తవారింటికిఁ బంపునపుడామె మనసు తెలిసికొనవలెననుట నేఁడు మన యిండ్లలో నిర్వివాదము. పొరుగు తాలూకాకుఁ బంపుటకు సమ్మతి కావలెను గాని, భూగోళపు రెండవ ప్రక్కకుఁ దీసికొనిపోవుట కక్కఱలేదందుమా? బిడ్డ తనకు సంబంధించిన విషయములలోఁ దన యభిప్రాయమును జెప్పుకొనవచ్చుననియు, వయస్సునకును బరిపాకమునకును దగినట్లు దానికి విలువ నీయవలెననియు 1989 లో నైక్యరాజ్యసమితి యంగీకరించిన బాలహక్కుల యొడంబడిక చెప్పుచున్నది. 1992 లో మన దేశమును దానిలోఁ జేరినది.

దీనికిఁ బ్రతివాదము లేకపోలేదు. బాలుర యిచ్ఛ క్షణికము. నేఁడు వలదన్నది రేపు ముద్దగును. సంసారభారమును మోయువాఁడు తండ్రి. అందఱి యిష్టమును గనిపెట్టుకొని కూర్చున్నచో నెవ్వఁడును గడప దాఁటఁడు. ఇది సత్యమే. అభిప్రాయమును వినుట వేఱు, తీర్పును వదలుకొనుట వేఱు. కాని యైదేండ్ల బిడ్డకును బదునైదేండ్ల బిడ్డకును గల భేదమును మనము మఱవరాదు. చిన్నబిడ్డకుఁ దల్లి యున్నచోటే యిల్లు. ఎదిగిన బిడ్డ తనకొక చిన్న లోకమును గట్టుకొనియుండును. అందుఁ బ్రాణస్నేహితులుందురు, తన భాషలోని హాస్యములుండును, తనకొక పేరుండును. గ్రెనడాలో మధ్యాహ్నము మూఁడుగంటలకు బడి విడిచి యింటికి వచ్చు బాలిక తన స్నేహితురాలితో మాటాడఁ గోరునప్పటికి మనకు నర్ధరాత్రము దాఁటి యరగంటయగును. తొమ్మిదిన్నర గంటల యీ యంతరము పెద్దలకు లెక్క, ఆమెకు నెడఁబాటు.

ఆ ద్వీపపుఁ బతాకమునందు జాజికాయ చిత్రింపఁబడియున్నది. జాజిచెట్టు అచ్చటఁ బుట్టినది కాదు; దాని జన్మస్థానము తూర్పు సముద్రమునందలి బండా దీవులు. పందొమ్మిదవ శతాబ్దమునఁ దెచ్చి నాఁటఁగా నా నేల కది యలవడి దేశమునకే చిహ్నమైనది. కావున స్థానభ్రంశము వినాశమే యని చెప్పరాదు. అయినను 2004 సెప్టెంబరులో 'ఐవాన్' తుపాను వచ్చి యా ద్వీపపు జాజిచెట్లలో నధికభాగమును బడఁగొట్టినది. క్రొత్తగా నాఁటిన జాజిమొక్క కాపునకు వచ్చుటకుఁ బెక్కేండ్లు పట్టును. ఆ పంట తుపానునకుఁ బూర్వమున్న స్థితికి మరల రాలేదు. చెట్టును దిరిగి నాఁటవచ్చును గాని పోయిన యేండ్లను నాఁటలేము. పదునైదవ యేఁడును నట్టిదే.

మనవారు కరీబియనుఁ దీరములకుఁ బోవుట క్రొత్తగాదు. 1838 మొదలు 1917 వఱకును గూలియొడంబడికలమీఁద లక్షలకొలఁది భారతీయు లోడలలో నచ్చటికిఁ బోయిరి. 1857 లో మొదటి యోడ గ్రెనడాకుఁ జేరెను. మదరాసు రేవునుండి ట్రినిడాడు మొదలగు చోట్లకుఁ బోయినవారిలోఁ దెలుఁగువారును గలరు. వారికి నచ్చట 'మద్రాసీ'లను సామాన్యనామమే మిగిలినది. తెలుఁగు వారి సంతతివారి నోళ్లనుండి జాఱిపోయినది. కఱవును ఋణమును దఱిమినపుడు బిడ్డల మనసు నడుగుటకు వారి కవకాశ మెక్కడ? మనకు నవకాశమున్నది. నిర్బంధము లేక, యొక మంచి జీతమును బెద్ద పదవిని గోరి పోవువాఁడు, ఆ కూలి తండ్రికి లేని తీఱిక తనకుండియు నడుగకున్నచో నది నిర్లక్ష్యమనిపించుకొనును.

మఱునాఁడే మిత్రునింటికిఁ బోయి, "నేను దొందరపడి యుపదేశించితిని, అడుగవలసినవారి నడుగుఁడు" అంటిని. అతఁడు నొచ్చుకొనెను. "వారి కోసమే కదా యీ శ్రమ యంతయు!" అనెను. అప్పుడు లోపలినుండి వచ్చిన యతని భార్య, "మీ పదవి కోసమును గదండీ. అదియుఁ జెప్పిన తప్పేమున్నది? చెప్పినచో వారికి మీ మాటయందు నమ్మకము గలుగును" అని మెల్లగాఁ బలికెను. ఆమెను సయిత మెవ్వరు నడుగలేదని నాకప్పుడు స్ఫురించినది. అడుగుట యననేమో యా యిల్లాలు నాకు నేర్పినది. టిక్కెట్లు కొన్న తరువాత నడుగునది ప్రశ్న కాదు, ప్రకటన. తన లాభమును దాఁచి బిడ్డ లాభమునే చెప్పుట మోసము. ప్రత్యుత్తర మేదైనను దేనిని మార్చుకొనుటకును సిద్ధముగా లేనివాఁడు అడుగకుండుటయే మేలు.

పిల్లలు చెప్పినది వినఁగా మా యూహలన్నియుఁ దప్పినవి. కుమారుఁడు రేపే పోవుదమనెను. కూఁతురు రానని యనలేదు. పదవతరగతి పరీక్ష యిచ్చటనే వ్రాయనిండనియు, రెండేండ్ల పిమ్మట నుండుదమా తిరిగిపోదమా యని మరల నందఱి నడుగుఁడనియు రెండే కోరికలు కోరెను. ఉద్యోగమిచ్చినవారు ప్రయాణమును వాయిదా వేయుట కొప్పుకొనిరి. మిత్రునికిఁ బదినెలల పెద్దజీతము పోయినది. ఆ నష్టమే యామె నడిగినందులకు సాక్ష్యమని నా తలంపు.

నిరుడు వారు వెళ్లిరి. మొన్న నామె జాబు వచ్చినది. ద్వీపములవారి కుమ్మడిగా 1972 లో నేర్పడిన కరీబియను పరీక్షామండలివారి పరీక్షకై యామె మరల రెండేండ్లు చదువవలసివచ్చినది. సంస్కృతము విడిచి స్పానిషు మొదలుపెట్టినది. సుఖముగా నున్నానని వ్రాయలేదు, దుఃఖముగా నున్నానని వ్రాయలేదు. చరిత్రపాఠమున మనదేశపుఁ గూలీల యోడల ప్రస్తావన వచ్చినదఁట, తరగతి యంతయుఁ దనవైపు చూచినదఁట, తనకేమియుఁ దెలియలేదఁట. "మాస్టారూ, ఈ సంగతి మీరు మాకెందుకు చెప్పలేదు?" అని యడిగినది. జాబు చివర, "ఇంకను బదునాలుగు నెలలున్నవి. నాన్నగారికి జ్ఞప్తియున్నదో లేదో మీరొకమాఱు వ్రాయుఁడు" అని యున్నది.

ఆమె మొదటి ప్రశ్నకు నాయొద్దఁ బ్రత్యుత్తరము లేదు. ఈయేఁటి తరగతికి మాత్ర మా పాఠము చెప్పుచున్నాను. రెండవదానికై నా మిత్రునికి నేఁడే జాబు వ్రాసితిని.