రాతి మాట – సత్య వాక్కు

రాయి యనగానే మనస్సున కాఠిన్యమే మెదలును. కరుణ లేని హృదయమును రాతిగుండె యందురు. ఆంగ్లభాషలో రాతికి సంబంధించిన ఒక విశేషణము మాత్రము వేరొక త్రోవను చూపుచున్నది. అది 'లాపిడరీ'. లాటిన్ భాషలో 'లాపిస్' అనగా రాయి. ఈ పదము దాని నుండియే పుట్టినది. రత్నములను సానబట్టు విద్యకు, శిలపై చెక్కిన వ్రాతకు సంబంధించినదని దీని వాచ్యార్థము. క్లుప్తమై, గంభీరమై, శిలపై చెక్కదగినట్లు తీర్చిదిద్దిన వాక్కు అని లక్ష్యార్థము.

ఈ రెండవ అర్థమునకు మూలము శ్రమయందు కలదు. మైనపు పలకపై తప్పును చెరిపి మరల వ్రాయవచ్చును. పాలరాతిపై ప్రతి అక్షరమునకు ఉలిదెబ్బలు కావలెను, చోటు పరిమితము, దిద్దుబాటు దుర్లభము. కనుకనే రోమనులు శాసనములందు పదములను కుదించి చెక్కిరి. రోము నగరమున క్రీ.శ. 113లో వెలసిన ట్రాజన్ స్తంభపు పీఠముపై నున్న శాసనము ఆరు పంక్తులు మాత్రమే.

అయినచో క్లుప్తమైనదెల్ల సత్యమగునా? రాతిపై నిలిచినంత మాత్రమున మాటకు ధర్మబలము సిద్ధించునా?

అదే నగరమున సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి విజయతోరణము కలదు. క్రీ.శ. 203 నాటి ఆ తోరణముపై చక్రవర్తి పేరుతోపాటు ఆయన కుమారులగు కారకల్లా, గేటాల పేర్లును ఉండెను. తండ్రి 211లో గతించెను. ఆ యేటి చివర కారకల్లా తమ్ముని చంపించి, అతని పేరును శాసనములనుండి తొలగింపజేసెను. తోరణముపై గేటా పేరున్న చోట, తండ్రిని అన్నను ఉత్తములని, మహాశూరులని పొగడు పదములు చేరెను. అవి క్లుప్తములే, గంభీరములే. కాని హత్యపై కప్పిన తెరలు. పూర్వపు కంచు అక్షరములను బిగించిన రంధ్రములు మాత్రము రాతిలో మిగిలినవి. వాటిని బట్టియే పండితులు చెరిపిన పేరును గుర్తింపగలిగిరి.

ఉలి యొక్కటే, పనులు రెండు. వ్యర్థమును తొలగించుట ఒకటి, సత్యమును తొలగించుట మరియొకటి. చూచువానికి రెండును నునుపుగానే తోచును.

నిత్యజీవితమునందును ఇట్లే. నాలుగు మాటలతో తగవు తీర్చిన పెద్దను మితభాషి యని లోకము మెచ్చుకొనును. ఆ నాలుగు మాటలలో నష్టపోయినవాని గోడు నిలిచినదా యని విచారించువారు అరుదు. అన్నదమ్ముల పంపకమున ఆడపడుచు భాగమును ఊసెత్తని కాగితము ఎంత చక్కగా కుదిరినను అది శుద్ధవాక్కు కానేరదు. మాటను కుదించువాడు తాను తొలగించుచున్నది పొల్లునా, గింజనా యని ముందుగా చూచుకొనవలెను.

శిల మాటకు ఆయువు నీయగలదు, సత్యమును ఈయజాలదు. దానిని చెక్కించువాడే తేవలెను.