వినువాని అలసట

పరుల దుఃఖమును వినుటయే వృత్తిగా గలవారు లోకమున కొలదిమంది. మనోరోగములకు చికిత్స చేయు సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, మానసిక వైద్యశాలలలో రాత్రింబవళ్లు కావలియుండు నర్సులు ఈ కోవకు చెందినవారు. శస్త్రవైద్యునకు కత్తి, వడ్రంగికి ఉలి పనిముట్లయినట్లు వీరికి తమ మనస్సే పనిముట్టు. ఉలి మొద్దువారినచో సానబట్టుదురు. మనస్సు మొద్దువారినపుడు దానిని గుర్తించువారెవరు? గుర్తించినను, ద్వారమువద్ద రోగులు బారులు తీరియుండగా లేచిపోయి విశ్రమించుటకు ధర్మము సమ్మతించునా? ఇది ఆరోగ్యశాస్త్రమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. నీతికి సంబంధించిన ప్రశ్న.

'తనకు మాలిన ధర్మము, మొదలు చెడ్డ బేరము' అను సామెత తెలుగునాట అందరెరిగినదే. లోభులు దీనిని కవచముగా వాడుకొనుటచే దీనికి కొంత చెడ్డపేరు వచ్చినది. సేవాధర్మమును బోధించువారు దీనిని వినుటకే ఇష్టపడరు. కాని సామెతలోని రెండవ సగమును నిదానించి చూడవలెను. మొదలు చెడినచో నష్టము అమ్మువానికే కాదు, రేపు కొనవచ్చువానికి కూడ అంగడి మూతపడును. వైద్యుని అలసటను అతని సొంత వ్యవహారముగా భావించువారు ఈ సంగతిని మరచుచున్నారు.

1974వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందలి హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరు అను మనస్తత్త్వవేత్త ఈ స్థితిని 'బర్నవుట్' అను పేర వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించెను. నాజీల పాలన కారణముగా బాల్యముననే జర్మనీ విడిచి వచ్చిన ఆయన పగలు తన వృత్తి చూచుకొని, రాత్రులందు ఒక ఉచిత వైద్యశాలలో పనిచేయుచుండెడివాడు. అచ్చటికి వచ్చువారిలో పలువురు మాదకద్రవ్యములకు బానిసలైన యువకులు. తుదకు ఆయన శరీరమే మొరాయించినది. అప్పుడాయన తన మాటలను టేప్ రికార్డరులో పట్టి, ఒక రోగి మాటలు విన్నట్లు తానే కూర్చుండి వినెను. తన అలసట ఎంతటిదో అప్పుడుగాని ఆయనకు తెలియలేదు. ఇతరుల మనస్సులను చదువుటయే వృత్తియైనవానికి తన మనస్సు తెలియుటకు ఒక యంత్రము కావలసివచ్చినది! తోటివారిని పరికించి ఆయన గ్రహించిన మరియొక సత్యము మరింత విచారింపదగినది. అంకితభావము అధికముగా గలవారే ఈ స్థితికి ముందుగా చేరుదురు. చెదలు తిన్న దూలమువలె వారు చాలకాలము నిలిచియే యుందురు. పైరంగు చెడదు. బరువు పడిన దినమునగాని లోపలి గుల్ల బయటపడదు.

1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను అమెరికా దేశపు మనస్తత్త్వవేత్తలు ఈ అలసటను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని ప్రచురించిరి. అందు మూడు లక్షణములు కలవు. మొదటిది, భావములు ఇంకిపోవుట. చివరిది, తాను చేయు పనివలన ఎవరికిని మేలు కలుగుటలేదను నిరాశ. ఈ రెండును వైద్యుని బాధలు. నడుమనున్న లక్షణము మాత్రము రోగి పాలిటి బాధ. అది ఎదుటి మనిషి మనిషిగా తోచకుండుట. అప్పుడు రోగి ఒక మంచము నంబరగును, ఒక ఓ.పి. చీటీ యగును. చనిపోవలెనను తలంపు తనను పీడించుచున్నదని చెప్పుకొనుటకు నెలదినములు ధైర్యము కూడగట్టుకొని వచ్చిన స్త్రీ ఆ మాటతో ప్రారంభింపదు. 'నిద్ర పట్టుటలేదు' అని మొదలుపెట్టును. అలసిన వైద్యుడు ఆ మొదటి వాక్యమునకే మాత్ర వ్రాసి తరువాతివారిని పిలుచును. ఆమె చెప్పదలచిన రెండవ వాక్యము ఆమెతోనే ఇంటికి పోవును.

ఇచ్చట ఎదురువాదము బలమైనదే. నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మనోరుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. సాధారణ మనోరుగ్మతలు గలవారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుటలేదు. 2019లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారము దేశమున లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడ లేడు; లెక్క 0.75 దగ్గర ఆగినది. ఇట్టి దేశమున ఒక్క వైద్యుడు ఒక్క పూట విశ్రమించినను ఎందరో తిరిగిపోవలసి యుండును. బస్సుచార్జీలకు అప్పుచేసి, కూలి పోగొట్టుకొని వచ్చిన కుటుంబమును 'నేడు చూడను' అని పంపివేయుట ఏ ధర్మము?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కాని లెక్కను చివరివరకు వేయవలెను. ఉదయము నాలుగు గంటల ఓ.పి.కి ఎనుబది మంది వచ్చిరనుకొందురు గాక. 240 నిమిషములను ఎనుబదిమందికి పంచిన ఒక్కొక్కరికి మూడు నిమిషములు. ఎనుబదిమందిని 'చూచినట్లు' రిజిస్టరు చెప్పును. నిజముగా చూడబడినవారెందరు? ఎవ్వరిని తిప్పిపంపలేదను తృప్తి వైద్యునకు కలుగవచ్చును గాని, పైని చెప్పిన స్త్రీని ఆయన తిప్పియే పంపెను. ఆమె లోపలికి వచ్చి తిరిగిపోయినది, అంతియే భేదము.

తల్లి గంటలు లెక్కించునా యని కొందరడుగుదురు. లెక్కింపదు, నిజమే. కాని పగలంతయు పొలమున వంగి, రాత్రి వంట ముగించి, నిద్రలేని తల్లి చేయి ఏడ్చుచున్న బిడ్డ వీపుపై పడుట ఎరుగనివారెవరు? ప్రేమ లేక ఆ చేయి లేవలేదు. బలము లేక లేచినది.

కాయకమునకు పట్టము గట్టిన శరణ సంప్రదాయమున పెరిగినవారికి మరియొక సందేహము కలుగుట సహజము. కాయకమే పూజయైనపుడు పూజకు హద్దు గీయుట అపచారము కాదా యని. దీనికి కల్యాణమునాటి ఆయ్దక్కి లక్కమ్మ కథలోనే సమాధానము కలదు. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట కాయకముగా జీవించెను. ఒకనాడాయన నిత్యము తెచ్చుదానికన్న అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఎక్కువైన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఈ కథను సామాన్యముగా ఆశ కూడదనుటకు చెప్పుదురు. అందు కాయకమునకు దినప్రమాణము కలదను సూచన కూడ ఉన్నది. ఒక దినపు పని ఒక దినమునకు సరిపోవలెను. మితిమీరిన సేవలో సయితము ఒక ఆశ దాగియుండవచ్చును. తాను లేనిదే వీరు బ్రతుకరను భావము, కృతజ్ఞత నిండిన చూపులకై తహతహ, తోటివైద్యునికన్న అధికముగా అలసినానని చెప్పుకొనుటలోని గర్వము, ఇవన్నియు సేవ వేషము ధరించిన అహంకారములే. లక్కమ్మ వంటివారు ప్రతి వైద్యుని ఇంటను ఒకరుండిన బాగుండును.

రాయలసీమ రైతునకు ఈ విషయము పుస్తకములు లేకయే తెలియును. మోట కాలమున బావిలో నీరు అడుగంటినపుడు ఎద్దులను విప్పి, రాత్రియంతయు బావిని వదలివేసెడివారు. తెల్లవారుసరికి ఊట ఊరును. ఆశకొలది ఇంకను తోడినచో బానలోనికి బురద వచ్చును, పైరుకు మేలు కలుగదు. బావికి రాత్రి నిచ్చిన రైతును సోమరియని ఎవరును అనలేదు.

ఇంతవరకు చెప్పినదానిని ఆధారముగా గొని 'కావున వైద్యుడు తన్ను తాను చూచుకొనవలెను' అని చేతులు దులుపుకొనుట మాత్రము అన్యాయము. నేడు జరుగుచున్నది పెక్కుచోట్ల ఇదియే. పని తగ్గింపరు, ఖాళీలు నింపరు, సెలవు అడిగినచో ముఖము చిట్లింతురు. సంవత్సరమున కొకసారి ఒత్తిడినివారణపై ఉపన్యాసము పెట్టించి, ప్రాణాయామము నేర్పి, ఫోటోలు దిగుదురు. ప్రాణాయామము మంచిదే. కాని ఎనుబదిమంది రోగులు ఎనుబదిమందియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరినుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను వ్యాధిగా చేర్చలేదు. సరిగా నిర్వహింపబడని దీర్ఘకాలపు పని ఒత్తిడినుండి పుట్టు వృత్తిసంబంధమైన స్థితిగా పేర్కొన్నది. ఈ భేదము చిన్నది కాదు. వ్యాధియైనచో మందు అతడు మ్రింగవలెను. పనినుండి పుట్టినదైనచో పని పెట్టినవారు జవాబు చెప్పవలెను. ఒకడు విశ్రమింపవలెనన్న అతని కుర్చీలో కూర్చుండుటకు మరియొకడుండవలెను; ఆ మరియొకని నియమించు అధికారము అలసినవాని చేతిలో లేదు.

మనోవైద్యమున మరియొక వృత్తిలో లేని దుఃఖమొకటి కలదు. ఏండ్లతరబడి చూచిన రోగి ఆత్మహత్య చేసికొనును. బంధువులు ఏడ్చుదురు, పోలీసులు వత్తురు, ఆసుపత్రి ఫైలు తెప్పించుకొనును. చివరిసారి వచ్చినపుడు అతడేమి అన్నాడో, తాను దేనిని వినలేదో యని వైద్యుడు రాత్రులు తరచి తరచి చూచుకొనును. ఆ దుఃఖమునకు మైలయు లేదు, పరామర్శయు లేదు. మరునాటి ఉదయము తొమ్మిది గంటలకు గది తెరువవలెను. ఫోనుపై వినువారి స్థితియు ఇట్టిదే. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకై 14416 నంబరునకు ఏ అర్ధరాత్రియైనను పిలువవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. పిలిచినవారు ఫోను పెట్టివేసిన పిదప ఏమైరో వినినవారికి తరచుగా తెలియనే తెలియదు.

కావుననే వినువానిని వినుటకొకరుండవలెనను నియమము ఈ వృత్తిలో పుట్టినది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1937లో, తన ఎనుబది యేండ్లు దాటిన పిదప, మనోవిశ్లేషకుడు సుమారు అయిదేండ్ల కొకసారి తాను మరల విశ్లేషణకు కూర్చుండవలెననియు, అందుకు సిగ్గుపడరాదనియు సలహా చెప్పెను. బ్రిటనునందలి కౌన్సెలర్ల ప్రధాన సంఘము, వృత్తిలోనున్న తన సభ్యులు క్రమము తప్పక అనుభవజ్ఞుడైన మరియొకని ఎదుట తమ పనిని చర్చించుకొనవలెనని విధించినది. దీనిని సూపర్విజన్ అందురు. మన కార్యాలయముల భాషలో ఆ మాటకు పై అధికారి తనిఖీ యను అర్థమే మిగిలినది. తనిఖీకి వచ్చినవాని ఎదుట 'ఈ రోగి మరణము నన్ను విడుచుటలేదు' అని ఎవడు నోరు తెరచును? ఇతరులకు 'మనోవ్యాధి సిగ్గుపడదగినది కాదు' అని దినమంతయు బోధించు వైద్యుడు, తనకు దిగులు పట్టినపుడు ఊరు మారి, పేరు దాచి మందు కొనుక్కొనుట కూడ వినని సంగతి కాదు. ఈ సిగ్గు వదలనిది ఏ సలహాయు ఫలింపదు.

ఇంటివారికిని ఇందు పాత్ర కలదు. ఇంటికి వచ్చిన వైద్యుడు మౌనముగా కూర్చుండినచో అది అలకయని తలచరాదు. దినమంతయు మాటలలో మునిగినవానికి మాటలులేని గడియ ఔషధము. ఆ మౌనము వారములు గడచినను వీడక, బిడ్డల ఆటపాటలును రుచింపకుండినచో మాత్రము ఉపేక్షింపరాదు. బంధువుల సంగతి వేరు. పెండ్లిపందిటిలో విస్తరిముందు కూర్చుండిన వైద్యుని చెవిలో తమ మేనల్లుని ప్రవర్తన వివరింపని బంధువులుండుట అరుదు! మఠములయందు కూడ ఇట్టి భారమును మోయువారు కలరు. భక్తులు పాదముల కడ తమ కష్టములు విడిచి తేలికపడి పోదురు. అవన్నియు వినిన స్వామివారు ఎవరితో చెప్పుకొందురో యని ఆలోచించిన భక్తులు తక్కువ.

భారమును తగ్గించుటకు పంచుకొనుట తప్ప వేరు మార్గము లేదనుటకు దృష్టాంతము దూరమున లేదు. 1980 దశకమున నిమ్‌హాన్స్ సంస్థ, కన్నడముతోపాటు తెలుగును వినవచ్చు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును, ఆరోగ్య కార్యకర్తలకును మనోరోగములను గుర్తించుటయందు, సామాన్యమైనవానికి చికిత్స చేయుటయందు శిక్షణ నిచ్చినది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ ప్రయోగమే నమూనా యైనది. పల్లెలోనే చూడదగినవారిని పల్లెలోనే చూచినచో నగరపు వైద్యుని గదిముందు వరుస కురుచయగును, ఆయన చూచు ప్రతివారికి మూడు నిమిషములకు బదులు పదిహేను నిమిషములు లభించును.

అట్టి ఏర్పాటు పూర్తియగువరకు వరుసలో చివర మిగిలినవారి మాట యేమి? ప్రాణాపాయమున్నవారిని వేళతో నిమిత్తము లేక చూడవలసినదే. అందుకై వంతులవారీగా ఒకరు సిద్ధముగా నుండవలెను. తక్కినవారిని రేపు రమ్మనవచ్చును. కాని ఆ మాటను తలుపుకు తగిలించిన బోర్డు చెప్పరాదు. ఒక మనిషి బయటికి వచ్చి, వారి పేరడిగి, నేటికి ఆగగలరో లేదో రెండు ప్రశ్నలు వేసి, రాదగిన తేదిని, వేళను చీటీపై వ్రాసి చేతికీయవలెను.