రాత్రి తీసిన రక్తం

మా మామ్మది బోదకాలు. ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే. అందుకే చీకటి పడ్డాక వచ్చి, వేలు గుచ్చి, గాజుపలక మీద చుక్క తీసుకెళ్ళేవారు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో అందరూ వేళ్ళు చాచినవాళ్ళే.

మొన్న గోదావరి జిల్లాల ఫైలేరియా మీద ఒక పరిశోధనా వ్యాసం కనపడింది. ప్రభుత్వ నిధులతో చేసిందే. సారాంశం ఉచితం, మిగతాది డాలర్లలో.

"చదివితే కాలు తగ్గిపోద్దేంట్రా?" అంది అమ్మ. తగ్గదు. ఆ ఇంగ్లీషు లెక్కలు మామ్మకి అర్థమయ్యేవీ కావు. అంతమాత్రాన రక్తం ఇచ్చినవాళ్ళ మొహం మీద తలుపెయ్యొచ్చా?

వశిష్ఠ దాటి వెళ్తే భీమవరం. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1947లో అమెరికాలో, లెడర్లే కంపెనీలో తెచ్చిన మందే డీఈసీ. మామ్మ మింగింది ఆ బిళ్ళే. కంపెనీ సొమ్ముతో పుట్టిన మందు ఆమె నోటిదాకా వచ్చింది, ప్రజల సొమ్ముతో రాసిన వ్యాసం మా గడప దాకా రాలేదు.

అమెరికాలో ఎన్ఐహెచ్ నిధులతో రాసిన వ్యాసాలకి 2025 జూలై నుంచి గడువుల్లేవు, ప్రచురించిన రోజే అందరికీ తెరవాలి. మన డీబీటీ, డీఎస్టీ కూడా 2014లోనే అందరికీ అందాలని విధానం రాసుకున్నాయి. ఇప్పుడు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కి మూడేళ్ళకి 6,000 కోట్లు. మంచిదే. కానీ ఆ తాళంచెవి విశ్వవిద్యాలయాలకీ ప్రభుత్వ పరిశోధనా సంస్థలకీ. మా ఊరి ఆశా వర్కర్‌కి కాదు.

చివరికి వ్యాసం రాసినాయనకే మెయిల్ పెట్టాను. రెండోరోజు పీడీఎఫ్ పంపారు. పట్టికలో మా మండలం ఒక వరుస. అమ్మకి చదివి వినిపించాను.

"మామ్మది కూడా లెక్కేశారా?" అంది.