దిగాల్సింది పైనున్నవాళ్లు

పల్నాట పంతాలకు కరువు లేదు. గురజాల కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయారనీ, చివరికి కారెంపూడిలో రక్తం పారిందనీ వీరగాథ చెబుతుంది. అదే కథలో చాపకూడూ ఉంది. మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లతో ఒకే చాప మీద కూర్చుని తిన్నాడు. ఆ పంక్తిలో హోదా వదులుకున్నది నాయుడే, దళితుడైన కన్నమదాసు కాదు.

మన క్రైస్తవ సంఘాల్లో వినయం మీద ప్రసంగం వింటే నాకు ఇదే గుర్తొస్తుంది. ‘తగ్గించుకోండి’ అన్న మాట ఎక్కువగా వెనక వరసలకే తగులుతుంది. వాళ్లు తరతరాలుగా తగ్గే ఉన్నారు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో నడుముకు తువాలు చుట్టుకుని కాళ్లు కడిగినవాడు గురువు. శిష్యుల చేత కడిగించుకోలేదు. వెనక వరస తలెత్తిన సందర్భమూ ఉంది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కులం చేసిన అవమానాలను పద్యంతో నిలదీశాడు. ‘క్రీస్తు చరిత్ర’ రాసింది కూడా ఆయనే. ఆ తలెత్తడాన్ని గర్వమంటే అన్యాయం.

తగ్గడమంటే ఏమిటో గురజాలకు వచ్చిన ఒక లూథరన్ దొరను చూస్తే తెలుస్తుంది. ఫాదర్ హయ్యర్ 1793లో జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరీ అయ్యి, 1842లో గుంటూరు చేరాడు. నాలుగేళ్లు తిరక్కుండానే అమెరికా వెళ్లాల్సి వచ్చింది. అప్పటికే యాభై దాటాయి, సంఘాలు స్థాపించిన పేరుంది. అయినా వైద్యం నేర్చుకుని పట్టా తీసుకుని మళ్లీ వచ్చాడు. 1849లో గుంటూరు వదిలి పల్నాడు పట్టాడు. గురజాల అప్పుడు రోడ్లూ వసతులూ ఉన్న చోటు కాదు. పేరు మోసినవాడు కోరుకునే బదిలీ అసలే కాదు.

నన్ను ఎక్కువ కదిలించేది 1869 నాటి సంగతి. అప్పటికి ఆయన ఇక్కడినుంచి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. రాజమండ్రి మిషన్ చేజారిపోతోందని విని, 76 ఏళ్ల వయసులో తానే వెళతానని ముందుకొచ్చాడు. వచ్చాడు, నిలబెట్టాడు. ఏడాది గడిచాక, తన వెనక వచ్చిన కుర్రవాళ్లకు పని అప్పగించి వెళ్లిపోయాడు. రావడం పౌరుషమున్న ఎవరైనా చేస్తారు. పట్టు చిక్కాక కుర్చీ వదలడమే అరుదు.

మన దగ్గర సంఘ కమిటీ ఎన్నిక జరిగితే ఊరి రాజకీయం మొత్తం గుడి లోపలికి వచ్చేస్తుంది. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు, సువార్త సభల ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పెద్దది, ఈ లెక్కల మీదే విడిపోయిన సంఘాలున్నాయి. విడిపోయాక ఇరువైపులా ఉపవాస ప్రార్థనలు! గెలిచిన పెద్దకు చెప్పాల్సింది ఒక్కటే. ఓడినవాడి ఇంటికి ముందుగా నువ్వే వెళ్లు. వెంట మనుషులొద్దు, కబురొద్దు. పంట, పిల్లల చదువు, ఏదో ఒకటి మాట్లాడి టీ తాగి రా. కమిటీ ఊసు ఎత్తకు.