గాంధారి నేతికుండలు, కోల్‌కతా దుర్గ

గాంధారి కన్న మాంసపు ముద్దను వ్యాసుడు నూటొక్క ముక్కలుగా నేతికుండల్లో పెట్టించాడు, అందులోంచే కౌరవులు, దుశ్శల పుట్టారు. ఈ కథ వినగానే "టెస్ట్‌ట్యూబ్ బేబీ మనవాళ్లే కనిపెట్టారు" అంటాం. సరే, నిజంగా చేసి చూపించినాయన మన మధ్యే ఉంటే ఏం చేశాం?

1978 జూలైలో ఇంగ్లాండ్‌లో ప్రపంచంలోనే తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అక్టోబర్ 3న కోల్‌కతాలో రెండో పాప, దుర్గ. పిండాన్ని ఫ్రీజ్ చేసి, తర్వాత తల్లి గర్భంలో పెట్టారు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

1986లో ముంబైలో పుట్టిన పాపతో "దేశంలో మొదటి" అనే పేరు డాక్టర్ ఆనంద్ కుమార్ టీమ్‌కి వచ్చింది. కానీ సుభాష్ గారి నోట్స్ చదివాక, 1997లో ఆ ఘనత ఆయనదేనని ఆనంద్ కుమార్ గారే బయటికి చెప్పారు.

పురాణం చూపించి గర్వపడటం తేలికండీ. తనకొచ్చిన పేరును నిజం కోసం వదులుకోవడం కష్టం. నాకైతే ధర్మం అక్కడే కనిపించింది. గాంధారి కథని భక్తితో విందాం. సైన్సులో ఎవరి కష్టాన్ని వాళ్ల పేరుతోనే చెబుదాం.

జై శ్రీకృష్ణ.