స్నేహద్రవ్యము

రాత్రి భుజించిన పిమ్మట మరేమియు ముట్టక, ప్రాతఃకాలమున పరీక్షాగృహమునకు పోయి చేయి చాచినవానికి సాయంకాలమున లభించు కాగితముపై కొలెస్ట్రాలు మొదలైనవాని అంకెలు నాలుగైదు మాత్రమే కానవచ్చును. నా రక్తమునందలి క్రొవ్వు ఇంతియే యని అతడు ఊరడిల్లును, లేదా ఉలికిపడును.

గడ్డకట్టనీయక గాజుగొట్టమున నిలిపిన రక్తమునందు ఎఱ్ఱదనము అడుగునకు దిగి, పైని లేత గడ్డివన్నె ద్రవమొకటి తేరును. విందారగించి వచ్చినవానిదైనచో అది పాలవలె తెల్లబారియుండును. ఆ ద్రవమున క్రొవ్వులెన్ని విధములో తెలియగోరి, అమెరికాలోని లిపిడ్ మ్యాప్స్ అను శాస్త్రజ్ఞబృందము, అణువులను బరువునుబట్టి వేరుపఱచు యంత్రముల సాయమున, 500కు పైబడిన జాతులను పరిమాణములతోకూడ 2010లో ప్రకటించినది. వారు పరీక్షించినది ఏ యొక్కరి రక్తమును గాదు. ఆరోగ్యవంతులైన 100 మంది స్త్రీపురుషులు ఉపవాసముండి యిచ్చిన దానిని ఒక్కటిగా కలిపి, ప్రమాణద్రవ్యముగా భద్రపఱచినది.

ఈ సంగతి చదివిననాటినుండి నన్నొక ప్రశ్న విడువకున్నది. ఆ ద్రవము ఎవరిది? నిన్నటిదాక నూఱుగురును వేఱువేఱుగ నాది యనుకొన్నది, కలిసినంతనే ఎవరిదియు గాకపోయెను. అయినను అందలి ఒక్క యణువును తన గుణమును కోల్పోలేదు. ఇన్నిటిని లెక్కించిన ఆ పట్టికలో నాది యనుదానికి బరువు లేదు. దేహమును క్షేత్రమనియు, దాని నెఱుగువానిని క్షేత్రజ్ఞుడనియు గీత వేఱుపఱచినది గదా, ఇక క్షేత్రమును కొలుచుటవలన ఫలమేమని కొందఱందురు. నేనందులకు సమ్మతింపను. మమత ఎంతవఱకు నిలుచునో, ఎచ్చట జాఱిపోవునో ఇంత స్పష్టముగ చూపినది ఆ కొలతయే.

మన పెద్దలు నూనెజిడ్డునకును మైత్రికిని స్నేహమను ఒక్క పేరే పెట్టిరి. వైశేషికులు దానిని 24 గుణములలో చేర్చి, పొడిపిండి ముద్దయగుటకు హేతువనిరి. కాని దానిని నీటికే కట్టబెట్టిరి. నీట కరగని క్రొవ్వు నీటివంటి రక్తమున సంచరించుట నిజముగా వింతయే. ఫాస్ఫోలిపిడ్ అను జాతి క్రొవ్వునందలి అణువునకు ఒక కొన నీటిని కోరును, రెండవ కొన నీటిని తొలగును; అట్టి యణువులు, కొన్ని మాంసకృత్తులతో గూడి, కొలెస్ట్రాలు మున్నగువానిని లోన దాచుకొని సూక్ష్మములైన ఉండలై ప్రవహించును. ఈ యణువులే రెండు వరుసలుగ బారులు తీరి ప్రతి జీవకణమునకును గోడ యగుచున్నవి. లోపల, వెలుపల యను భేదము దేహమున మొదలగునది అచ్చటనే. ఆ నూఱుగురి ద్రవమునుండి కణములను ముందే తీసివేసిరి గనుక అందు గోడలు లేవు. గోడ కట్టు స్నేహము మాత్రము మిగిలియున్నది.